పికప్‌ల కంటే ముందు నట్ చూడండి

చౌక ఎలక్ట్రిక్ గిటార్‌కి ముందుగా పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) మార్చాలని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. శ్రుతి నిలవని గిటార్‌కి ఎంత మంచి పికప్ పెట్టినా ఏం లాభం? ట్యూన్ చేస్తుంటే టిక్‌మని చప్పుడొచ్చి శ్రుతి ఒక్కసారిగా ఎగిరిందంటే, తీగ నట్ (గిటార్ మెడ పైకొసన తీగలు కూర్చునే పట్టీ) గాడిలో ఇరుక్కుంటోందన్నమాట. పెన్సిల్ మొనతో గాడిలో రుద్దితే అప్పటికి సర్దుకుంటుంది. తర్వాత తీరిగ్గా ఎముక నట్ వేసుకోవచ్చు.

పాట్ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్ల) విషయంలో సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌కి 250 కిలో ఓమ్‌లు, హంబకర్ (రెండు చుట్టలున్న) పికప్‌కి 500 అన్నది సరిగ్గా రాశారు. పాట్ బిగించే రంధ్రం కొలత మాత్రం వదిలేశారు. అమెరికా రకం పాట్‌కి 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. చౌక గిటార్లలో చాలావాటికి 7, 8 మిల్లీమీటర్లే ఉంటుంది. మా కావలిలో కొట్టుకెళ్లి పెట్టి చూసుకునే వీలు లేదు, అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవే. కాబట్టి ఆర్డర్ పెట్టకముందే వెర్నియర్‌తో కొలవండి.

నెల్లూరు, ప్రకాశం తీరంలో ఉండేవాళ్లు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) మరలు కూడా చూసుకోవాలి. ఉప్పు గాలికి తుప్పు పట్టి అలెన్ కీకి కదలవు. స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

రాగి రేకుతో షీల్డింగ్ (బయటి విద్యుత్ రొద గిటార్‌లోకి రాకుండా లోపల రేకు అంటించడం) చేయడం గురించి కూడా వివరంగా రాయండి. మా ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ తగ్గిస్తే చాలు, ఆంప్ గుయ్‌మంటుంది.