పోర్ట్ ఫార్వర్డింగ్ ఒక్కటే సరిపోదు

ఫొటోలు, ఫైళ్లు దాచుకునే సొంత క్లౌడ్ సాఫ్ట్‌వేర్ నెక్స్ట్‌క్లౌడ్‌ను ఇంట్లోనే పెట్టుకోవచ్చు, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని కంప్యూటర్‌కు పంపే సెట్టింగ్) చేస్తే చాలు అని ఒక వ్యాసంలో రాశారు. మన దగ్గర చాలా కనెక్షన్లకు అది పనిచేయదండీ. ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో బయటికి కనబడే అడ్రస్‌ను) నెట్ కంపెనీలు ఎంతోమందికి కలిపి ఇస్తాయి. దీన్నే సీజీనాట్ అంటారు. రూటర్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీదీ అంతే. ఇక రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఐపీవీ4 (పాత తరహా ఐపీ అడ్రస్) మీద బయటివాళ్లు లోపలికి రాలేరు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే, మారని అడ్రస్) తీసుకోవచ్చు గానీ, ఇంటివాళ్ల ఫొటోల కోసమే అయితే టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను మాత్రమే కలిపే ప్రైవేట్ నెట్‌వర్క్) చాలా నయం. పోర్టు తెరిచే పనే లేదు, లాగిన్ పేజీ ఊరందరికీ కనబడదు.

ఇంకోటి, రెయిడ్ (ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే ఏర్పాటు) ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. పొరపాటున డిలీట్ చేసిన ఫొటో రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. రెండో కాపీ వేరే ఇంట్లో ఉంచండి, దయచేసి.