మీరే చేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు

దేశంలో సొంతంగా చేసుకునే అలవాటు పోతోందని పెద్దలు బెంగ పెట్టుకున్నారు. ఆ బెంగకు మందుగా 2016లో బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టారు. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, సోల్డరింగ్ ఐరన్, అన్నీ వస్తాయి. హెడ్మాస్టరు గారు మరీ బాధ్యత గల మనిషైతే గదికి తాళం కూడా వేయిస్తారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయి కదా.

ఈ విషయంలో ప్రభుత్వం కంగారు పడనక్కర్లేదని నా సవినయ మనవి. టెస్టర్ లేని తెలుగిల్లు ఎక్కడుంది? ఫ్రిజ్ మీదో, టీవీ కింద సొరుగులోనో, పాత కరెంటు బిల్లుల మధ్య అది ఉండి తీరుతుంది. దాంతో కరెంటు ఉందో లేదో చూసేది తక్కువ. గ్యాస్ స్టవ్ బర్నర్ కెలకడానికి, పెయింటు డబ్బా మూత లేపడానికి, డోర్ హ్యాండిల్ బిగించడానికి మాత్రం రోజూ కావాలి. ఎండాకాలం ఫ్యాను నెమ్మదించిందంటే ఇంటిల్లిపాదీ డాక్టర్లే. “కండెన్సర్ పోయింది” అని రెండో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. రెండున్నర మైక్రోఫారడ్‌ది ఒకటి తెచ్చి నాన్న స్టూలెక్కుతాడు. అమ్మ స్టూలు పట్టుకుంటుంది.

“మెయిన్ ఆపావా?”

“ఆపాన్నాన్నా.”

“ఆపావా, ఆపాననుకుంటున్నావా?”

“ఎలక్ట్రీషియన్ని పిలిస్తే రెండొందలతో పోయేదిగా,” అంటుంది అమ్మ కింద నుంచి. ఆ రెండొందల మాటతోనే నాన్న చేతికి పట్టుదల వస్తుంది. ఫ్యాను తిరిగాక దాని కిందే అరగంట పడుకుని చూసుకుంటాడు. అటు తిరుగుతోందా, ఇటు తిరుగుతోందా అన్నది ఆయన్ని అడగకూడదు.

ఇలాంటి జాతికి సొంతంగా చేసుకోవడం నేర్పిద్దామని స్వీడన్ నుంచి ఐకియా కూడా వచ్చింది. 2018 ఆగస్టులో మన హైటెక్ సిటీలోనే దేశంలోని తొలి స్టోరు తెరిచారు. అల్మారా ముక్కలుగా ఇస్తాం, ఇంటికెళ్లి మీరే బిగించుకోండన్నది వాళ్ల సిద్ధాంతం. హైదరాబాద్ ఎగబడి కొంది. ముక్కల్ని ఇంటికి తెచ్చి, బోల్టులు బిగించే అలెన్ కీని భద్రంగా సొరుగులో పెట్టి, కార్పెంటరుకి ఫోన్ చేసింది.

అంటే మనకు చేతకాక కాదు. అసలు చిక్కు వేరే ఉంది. మన చేతికి ఏ పని వదలాలో, ఏది వదలకూడదో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. ఆ పంపకం మాత్రం ముచ్చటగా ఉంటుంది.

ఉదాహరణకి ఫోను. అది నాది. నా డబ్బుతో కొన్నాను, ఈఎంఐ కూడా నేనే కడుతున్నాను. ఒకప్పుడు గోటితో వెనక మూత లాగితే బ్యాటరీ చేతికొచ్చేది. ఫోను నీళ్లలో పడితే విడదీసి, తుడిచి, బియ్యం డబ్బాలో పెట్టే స్వాతంత్ర్యం ఉండేది. ఇప్పుడు బ్యాటరీని లోపల జిగురేసి అంటించారు. ఐఫోన్ 4 కాలం నుంచి ఐదు రేకుల పువ్వులాంటి స్క్రూ ఒకటి వచ్చింది, ఇంట్లో ఉన్న ఏ స్క్రూడ్రైవరూ దాని తలలో దూరదు. విప్పితే వారంటీ పోతుందని బెదిరింపు. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లో కుర్రాడు మాత్రం హీట్‌గన్ పెట్టి, జిగురు కరిగించి, టీ చల్లారేలోగా బ్యాటరీ మార్చేస్తాడు. అతనికి ఏ కంపెనీ మాన్యువల్ ఇవ్వలేదు. కేంద్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది, కంపెనీలు తమ సర్వీసు వివరాలు అందులో పెడతాయి. హక్కు మనది, పెట్టే దయ వాళ్లది.

అదే బ్యాంకుకి వెళ్లి చూడండి. పాస్‌బుక్ ఎంట్రీ అంటే తలెత్తకుండానే మెషిన్ వైపు చెయ్యి చూపిస్తారు. కేవైసీ మీరే అప్‌లోడ్ చేసుకోండి, చిరునామా మీరే మార్చుకోండి, ఫిర్యాదు కూడా యాప్‌లో మీరే రాసుకోండి. ఇన్నాళ్లూ కౌంటరు వెనక జీతానికి జరిగిన పని కౌంటరు ముందుకొచ్చేసరికి ‘కస్టమర్ సౌకర్యం’ అయిపోయింది. ఇంత సౌకర్యం తట్టుకోలేక జనం పరిగెత్తే చోటు ఒకటుంది. ప్రతి మండల కేంద్రంలోనూ, జిరాక్స్ మెషిన్ పక్కన, ‘అన్ని రకాల ఆన్‌లైన్ పనులు చేయబడును’ అన్న ఫ్లెక్సీ కింద.

మా వీధిలో ఒకావిడ ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. కాయ తనే ఎంచుకుంటుంది, కారం తనే పట్టిస్తుంది, లేబుల్ తనే అంటిస్తుంది, వాట్సాప్‌లో ఆర్డర్లూ తనే చూసుకుంటుంది. తినే సరుకు అమ్మాలంటే కావాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా తనే చేసుకోవచ్చట, చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయలే ఫీజు. అందుకని ఆవిడ నెట్ సెంటర్లో కూర్చుంది. ఫొటో ఎక్కడం లేదు, 50 కేబీ దాటిందట. తగ్గిస్తే, మొహం సరిగ్గా లేదంది వెబ్‌సైటు. సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో ఉండాలి, ఆవిడది నీలం.

“అక్కా, ఓటీపీ వచ్చిందా?”

“ఏదో నంబరొచ్చింది బాబూ. ఎవరికీ చెప్పొద్దని రాసుందే.”

“నాకు చెప్పొచ్చక్కా.”

చెప్పింది. 100 రూపాయల పని నెట్ సెంటర్ ఖర్చుతో కలిపి ఎంతయిందో ఆవిడ బయటికి చెప్పలేదు. రెండు కేజీల ఆవకాయ వెళ్లిపోయిందని మాత్రం అంది.

ఇంతకీ సొంతంగా చేసుకునేవాళ్లను మనం గౌరవించడం లేదనడం అన్యాయం. ఆలేరు ప్రాంతం చింతకింది మల్లేశాన్ని తీసుకోండి. చీర నేతకు ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని వరుస మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఆయన 1992లో మిషను పని మొదలుపెట్టాడు. చదువు ఆరేడు తరగతులు దాటలేదు, చేతిలో డబ్బు లేదు. 1999లో మిషను తిరిగింది, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చాం. మధ్యలో ఆ ఏడేళ్లు ఏమిచ్చామని అడగకండి. పూర్తయ్యేదాకా పిచ్చి అనడం, పూర్తయ్యాక శాలువా కప్పడం మన పద్ధతి. అందులో ఖర్చు తక్కువ.

అయితే పద్మ పురస్కారం అందని ఆవిష్కర్తలు పొలం గట్ల మీద చాలామంది ఉన్నారు. త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి వచ్చే రోజుల్లో, పాములు తిరిగే గట్టు మీద టార్చిలైటు పట్టుకుని వెళ్లలేక, రైతు మోటారుకు ఆటో స్టార్టర్ తగిలించాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది, ఆయన నిద్రపోతాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తూ ప్రభుత్వం అడిగిందేమిటి? ఆ ఆటో స్టార్టర్లు తీసేయండి, భూగర్భజలం అయిపోతుంది అని. నిజమే, అయిపోతుంది. రాత్రి కరెంటు ఇచ్చినన్నాళ్లూ రైతు నిద్ర అయిపోతుందన్న లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు.

రైతు మీద ప్రభుత్వానికున్న నమ్మకం ఇంకో చోట బాగా కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. రూలు ప్రకారం అక్కడ ఫ్యూజు వేయాల్సింది లైన్‌మనే, అదీ ఎల్‌సీ, అంటే లైన్లో కరెంటు ఆపించి పనికి అనుమతి, తీసుకుని. లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే పక్కూళ్లో ఉంటాడు. పక్కూరివాళ్లు చేస్తే మన ఊళ్లో ఉంటాడు. అతన్నీ ఏమనలేం, ఒక్కడికి అన్ని ఊళ్లు. నారుమడి ఎండుతుంటుంది. రైతే ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించి, ఫ్యూజు వైరు చుట్టొస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే తలా ఇంత వేసుకుని, ట్రాక్టరెక్కించి రిపేరుకి తీసుకెళ్లేదీ వాళ్లే. స్విచ్ మూడు బ్లేడ్లలో ఒకటి సరిగ్గా విడిపోని రోజు మాత్రం మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. అందులో ‘అజాగ్రత్తగా’ అన్న మాట ఒకటి తప్పకుండా ఉంటుంది.

ఈ పరిస్థితుల్లో నాదొక సూచన. రైతు ఎలాగూ ఈ పని చేస్తున్నాడు కాబట్టి దీన్ని నైపుణ్యంగా గుర్తించి ఒక ఆన్‌లైన్ కోర్సు పెట్టాలి. ఆయన జీతం అడగడు, యూనియన్ పెట్టడు, రబ్బరు గ్లౌజుల ఖర్చు కూడా ఉండదు, ఇన్నాళ్లూ అవి లేకుండానే వేశాడు. పాసైనవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎవరిది వారే డౌన్‌లోడ్ చేసుకోవాలి. దరఖాస్తుదారు బతికే ఉన్నట్టు స్వీయ ధ్రువీకరణ పత్రం జతచేయాలి. ఫొటో 50 కేబీ దాటకూడదు.