‘ఊరి అవసరం’ పేరుతో వాగు లూటీ

ఇందిరమ్మ ఇళ్లకు, ఊరి అవసరాలకు అంటూ అధికారులు ఇచ్చే ఇసుక కూపన్లు ఎక్కడికి దారితీస్తున్నాయో, కూడవెల్లి వాగులో ట్రాక్టర్ల జాడలు చూసినవాళ్లకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. గజ్వేల్ వైపు పుట్టి, దుబ్బాక ప్రాంత పల్లెల మీదుగా నర్మాల దగ్గర ఎగువ మానేరును చేరే చిన్న వాగు ఇది. ఏడాదిలో చాలా నెలలు పైకి నీళ్లు కనిపించవు కాబట్టి ఇసుక తీస్తే పోయేదేముందని తవ్వకాన్ని సమర్థించేవాళ్లు అడుగుతున్నారు. పోయేది నీళ్లే. ఘనపు మీటరు ఇసుక 300 లీటర్ల దాకా నీటిని పట్టి ఉంచుతుంది, ఎండకు ఆవిరి కాకుండా దాచుతుంది, ఒడ్డు బావులకు, బోర్లకు మెల్లగా వదులుతుంది. దాని కిందంతా గ్రానైటు. రాతిలో నీళ్లు నిలిచేది పగుళ్లలోనే. ఇసుక పొర పోతే వానాకాలపు వరద వచ్చింది వచ్చినట్టే మానేరుకు పోతుంది. నిన్నటిదాకా చెలమ ఊరిన చోట బండ తేలుతుంది. ఒడ్డు కోసుకుపోయి మద్దిచెట్లు, ఈతచెట్లు వేళ్లతో సహా ఒరుగుతాయి. ఇసుకలో గుడ్లు పెట్టే తాబేలుకు, గులకరాళ్ల మధ్య పొదిగే తీతువుకు, ఒడ్డు మట్టిలో బొరియ తవ్వుకునే లకుముకి పిట్టకు చోటే మిగలదు.

పేదలకు ఇల్లు కావాలి, ఇసుక ధర వాళ్లు మోయలేరు. నిజమే. ఇందిరమ్మ ఇళ్లకు ఇసుక ఇవ్వొద్దని ఈ పత్రిక అనడం లేదు.

కానీ ‘ఊరి అవసరం’ అన్న ఒక్క మాట పట్టుకుని వాగులను ఊడ్చేస్తుంటే ఊరుకోవడం ఎలా? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చేసిన నిబంధనలు చిన్న వాగుల్లో తవ్వకాన్ని నిషేధించి, స్థానిక అవసరానికి మాత్రమే సడలింపు ఇచ్చాయి. ఆ ఇసుకను వాహనాల్లో స్థానిక పరిధి దాటించకూడదన్నాయి. ఎడ్లబండి కోసం తెరిచిన ఆ సందులోంచి ఇప్పుడు ట్రాక్టర్లు బారులు తీరుతున్నాయి. పగలు కూపన్ మీద ఒక ట్రిప్పు, రాత్రి అదే కూపన్ చూపించి ఎన్నో. ‘ఊరి అవసరం’ పట్నంలో అపార్టుమెంటు దగ్గర దిగుతోంది. ఇవాళ కూడవెల్లిలో దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ప్రతి ఒర్రెకూ, ప్రతి వాగుకూ ఇదే ఆనవాయితీ అవుతుంది. చిన్న ఇసుక తవ్వకం లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ‘ఊరి అవసరం’ అనగానే ఆ తీర్పూ పక్కకు తప్పుకోవాలా?

ఇందులో ప్రభుత్వం తనకు తాను చేసుకుంటున్న ద్రోహం ఇంకోటుంది. ప్రజల డబ్బుతో ఇదే వాగు మీద చెక్‌డ్యాములు కట్టారు. గోదావరి నీటిని 400 మీటర్లకు పైగా ఎత్తిపోసి, ఆ కరెంటు ఖర్చంతా భరించి, వాటిని నింపుతున్నారు. ఒక శాఖ నీళ్లు పోస్తుంటే ఆ నీటిని దాచే ఇసుకను తోడుకుపోవడానికి మరో శాఖ కాగితం రాసిస్తోంది. వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు తవ్వకూడదన్న నిబంధన ఈ రెండు శాఖల్లో ఎవరికీ గుర్తులేదా?

ఏ ఇంటికి ఎన్ని ట్రిప్పులు, ఏ రేవు నుంచి, ఏ తేదీన ఇచ్చారో పంచాయతీ గోడ మీద రాయండి. చీకటి పడ్డాక వాగులోకి బండి దిగకుండా ఆపండి. ఇది చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. బోర్లు ఎండి రైతులు ధర్నాకు కూర్చున్నాక కారులో వచ్చి విచారణకు ఆదేశించే అధికారులు, కూపన్ మీద సంతకం పెట్టే రోజునే ఆ వాగులోకి దిగి చూడాలి.