ప్రిన్స్ జార్జ్ హోటల్ గారిపై ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ ప్రిన్స్ జార్జ్ హోటల్ గారి దివ్యసముఖానికి,
ఈస్ట్ 28వ వీధి, మన్‌హట్టన్, న్యూయార్క్.

ఉభయకుశలోపరి.

నేను జెర్సీ సిటీలో ఒక బేస్‌మెంటులో అద్దెకుంటున్నాను. ఆదివారాలు ట్రైనెక్కి వచ్చి, లెక్సింగ్టన్ అవెన్యూలో దోసె తిని, అది అరగడానికి పడమటికి నడుస్తూ మీ గుమ్మం ముందు ఆగుతుంటాను. చాన్నాళ్ళుగా మనసులో పెట్టుకున్న మాట ఇవాళ రాసేస్తున్నాను. మీరు చేసింది నాకేం నచ్చలేదు.

మీరు 1904లో పుట్టారు. పుట్టుకే గొప్పింటి పుట్టుక. ఆడవాళ్ళకని టీ గది, పెద్దమనుషులు చిందెయ్యడానికి బాల్‌రూమ్. అలాంటివారు ముసలితనంలో ఎలా ఉండాలి? పద్ధతిగా ఒక బిల్డర్ చేతిలో పడాలి. ముఖం అలాగే ఉంచుకుని లోపల పేగులన్నీ పీకించుకోవాలి. లగ్జరీ ఫ్లాట్లై, బ్రోచర్‌లో 'హెరిటేజ్' అన్న మాట నాలుగుసార్లు వేయించుకోవాలి. మీరేమో 1999లో 416 చిన్న చిన్న ఇళ్ళై కూర్చున్నారు. అవైనా ఎవరికి? షెల్టర్లలోనూ ఫుట్‌పాత్‌ల మీదా పడుకుని లేచినవాళ్ళకి, చాలీచాలని జీతాలవాళ్ళకి!

అంతకుముందు మీ దగ్గర పేదవాళ్ళు లేరా అంటే, ఎందుకు లేరు? 1980ల్లో మీరు ఊళ్ళోకెల్లా పెద్ద వెల్ఫేర్ హోటళ్ళలో ఒకరు. ఇల్లు లేని తల్లుల్నీ పిల్లల్నీ తెచ్చి, వెయ్యి మందికి పైగా మీ గదుల్లో కుక్కారు. అప్పుడు మీ పరువుకేం నష్టం రాలేదు. ఎందుకంటే అది తాత్కాలికం. ఆ మాటలో ఉన్న మహత్తు మీకు తెలియంది కాదు. మా ఊళ్ళో తాత్కాలిక బస్టాండని ఒక రేకుల షెడ్డు వేశారు. దాని కింద నిలబడి బడికెళ్ళిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు.

ఆ రోజుల్లో ఇలాంటి హోటళ్ళలో ఒక కుటుంబాన్ని ఒక్క గదిలో ఉంచడానికి నెలకి దాదాపు 2 వేల డాలర్ల దాకా సర్కారువారు యజమానులకి కట్టేవారు. అదే కుటుంబం బయట ఇల్లు తీసుకుంటామంటే అద్దె కింద ఇచ్చేది అందులో ఐదో వంతు కూడా కాదు. అత్యవసరానికని వచ్చిన డబ్బు అత్యవసరానికే ఖర్చు పెట్టాలట, ఇల్లు కట్టకూడదట. ఎంత శ్రద్ధ! జనం డబ్బు చిల్లుకుండలో పోస్తున్నా, రూలు ప్రకారమే పోశారు.

ఇప్పుడు చూడండి. అద్దె వాళ్ళ ఆదాయంలో దాదాపు 30 శాతం. చేతిలో సొంత పేరు మీద అగ్రిమెంటు. లోపలే బాత్రూమ్, వంటకి కాస్త చోటు. కింద సోషల్ వర్కర్లు. మందుల చీటీ అర్థం కాకపోయినా, ఆఫీసు నుంచి వచ్చిన కాగితం భయపెట్టినా వెళ్ళి అడగొచ్చు. నా ఆదాయంలో అద్దె శాతం ఎంతో మీకు చెప్పను. మా ఇంటావిడ కూడా ఈ ఉత్తరం చదువుతుంది.

అసలు మిమ్మల్ని చెడగొట్టింది ఆ టైమ్స్ స్క్వేర్ హోటల్. వయసులో మీకు తమ్ముడే, కానీ ఈ దారి ముందు తొక్కింది ఆయనే. 1990లో రోజాన్ హ్యాగర్టీ అనే ఆవిడ కామన్ గ్రౌండ్ అని ఒక సంస్థ పెట్టి, శిథిలమవుతున్న ఆ హోటల్ని బాగుచేయించి 652 ఇళ్ళు చేసింది. ఆ తర్వాత ఆ సంస్థే మిమ్మల్నీ పట్టుకుంది. డబ్బెక్కడిదంటారా, అక్కడే ఉంది తమాషా. పాత కట్టడాన్ని పద్ధతిగా బాగుచేస్తే ఖర్చులో 20 శాతం దాకా ఫెడరల్ పన్ను రాయితీ ఉంది. తక్కువ ఆదాయాలవాళ్ళకి ఇళ్ళు కడితే ఇంకో రాయితీ. పెద్ద పెద్ద కంపెనీలు పన్ను తగ్గించుకోవడానికి అందులో డబ్బు పెట్టాయి. పుణ్యం, పురుషార్థం రెండూ ఒకే చెక్కులో.

అంతకుముందు పద్ధతి ఎంత బాగుండేది! ముందు తాగుడు మాను, మందులు సరిగ్గా వేసుకో, ఉద్యోగం చూసుకో, ఆ తర్వాత ఇల్లు సంగతి చూద్దాం అనేవారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు మందు బిళ్ళల డబ్బా ఎక్కడ దాచుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక మీ బాల్‌రూమ్. దీనికి మాత్రం నేను మిమ్మల్ని క్షమించలేను. పెచ్చులూడి పాడుబడినదాన్ని అలాగే వదిలేస్తే ఏం పోయేది? పేదవాళ్ళుండే భవనానికి పైకప్పు కారకపోతే చాలదా, దాని మీద పూలూ లతలూ ఎందుకండీ? దాన్నీ బాగుచేయించుకున్నారు. ఇప్పుడు 27వ వీధి వైపు గుమ్మంలోంచి పెళ్ళివాళ్ళు లోపలికెళ్తారు, హాలు అద్దె మీ సంస్థ పనులకే పోతుంది. కింద కల్యాణ మండపం, పైన కాపురాలు. మా వైపు టౌనుల్లో ఇది మామూలే అనుకోండి, కానీ మన్‌హట్టన్‌లో!

పోయిన ఆదివారం 28వ వీధి గుమ్మం దగ్గర ఒక పెద్దాయన కనిపించాడు. ఒక చేతిలో లాండ్రీ సంచి, మెడలో బూటు లేసుకి కట్టిన తాళంచెవి. దాన్ని చొక్కాలోంచి తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ లోపల వేసుకున్నాడు. నేను అడ్డంగా నిలబడ్డానని గమనించి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"లోపలికేనా?" అన్నాడు.

కాదండీ, నేనిక్కడ ఉండను అన్నాను. పాపం అన్నట్టు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇట్లు,
మీ మేలుకోరే
బేస్‌మెంటు వాసి