రెండు మీటర్ల లోతు సంగతి మరిచారు

"అంగారకుడి మీద ఇప్పటికే ఆరు రోవర్లు తిరిగాయి. రాళ్ల ఫొటోలు తప్ప దొరికిందేమీ లేదు. 2028లో వెళ్లే యూరప్ రోవర్ రోజలిండ్ ఫ్రాంక్లిన్ కూడా ఇక్కడి నుంచి తిప్పే బొమ్మకారే. అదీ చేతకాక పదేళ్లుగా వాయిదాలు!" తెగ పంచుకుంటున్నారు ఈ మాటల్ని. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు రాళ్ల ఫొటోల సంగతి. 2006లో స్పిరిట్ రోవర్ ముందు చక్రం ఒకటి మొరాయించింది. ఇంజినీర్లు రోవర్‌ను వెనక్కి నడిపిస్తూ ఆ చక్రాన్ని ఈడ్చుకెళ్లారు. మరుసటి ఏడాది అది గీసిన చాలులో, ఎర్రమట్టి కింద తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే దాదాపు 90 శాతం సిలికా! ఒకప్పుడక్కడ వేడినీళ్లో, అగ్నిపర్వతపు ఆవిరో ఉండేవనడానికి గట్టి ఆధారం అది. తిరగని చక్రం పైపైన గీరితేనే ఇంత తెలిసింది.

బొమ్మకారు కానే కాదు. అక్కడికి సంకేతం చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ముందు గొయ్యి ఉందని మనం చూసి ఆపమనేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే రోజు పని ముందే పంపిస్తారు, దారి చూసుకునే తెలివి రోవర్‌కే ఉండాలి.

వాయిదాలు నిజమే. 2018 కాస్తా 2020 అయింది, తర్వాత 2022. కానీ 2019 పరీక్షల్లో పారాషూట్లు చిరిగాయి. అలాగే పంపేయాల్సిందా? 2022లో రోవర్ సిద్ధంగానే ఉంది. ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తడంతో యూరప్ అంతరిక్ష సంస్థ ఆ దేశంతో తెగతెంపులు చేసుకుంది. రాకెట్టూ, రోవర్‌ను అంగారకుడిపై దించే వేదికా రెండూ రష్యావే మరి. పైగా అంగారకుడికి బయల్దేరే అదును 26 నెలలకోసారే వస్తుంది.

ఇక ఆ సందేశం ఊసెత్తని అసలు విషయం. ఇప్పటికే అక్కడున్న క్యూరియాసిటీ రోవర్ డ్రిల్లు దిగేది కొన్ని సెంటీమీటర్లే. అంగారకుడికి దట్టమైన గాలి లేదు, భూమికున్నలాంటి అయస్కాంత కవచమూ లేదు. కోట్ల ఏళ్లుగా రేడియేషన్ పైపొరలోని, జీవం జాడ చెప్పగల సేంద్రియ అణువుల్ని ఛిద్రం చేస్తూనే ఉంది. రోజలిండ్ ఫ్రాంక్లిన్ కడ్డీకి కడ్డీ తగిలించుకుంటూ 2 మీటర్ల దాకా దిగుతుంది. అక్కడి నుంచి సుమారు 3 సెంటీమీటర్ల ముక్క పైకి తెచ్చి, పొడి చేసి, చిన్న పొయ్యిల్లో వేడిచేసి పరీక్షిస్తుంది. అది దిగబోయే ఆక్సియా ప్లానమ్ అనే మైదానంలో ఉన్నది దాదాపు 400 కోట్ల ఏళ్లనాటి బంకమట్టి. నీళ్లు తగిలితేనే ఏర్పడే మట్టి.

జీవం జాడ దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ అంత లోతు మట్టిని ఇప్పటిదాకా ఏ రోవరూ తాకలేదు. 2030లో దిగాక పైకొచ్చే ఆ మొదటి ముక్క కోసం నేనైతే రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.