అప్‌డేట్ ఆపేసిన మహానుభావులారా, మీకో దండం

ఇందాక మా బావగారు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "రెండు పేజీలు ప్రింట్ తీసివ్వు చాలు" అన్నారు. పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లే! ప్రతి బొమ్మ మూలనా ఆ చిన్న బాణం గుర్తు. అసలు ఫోల్డర్లని దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెట్టుకుంది వార్మ్, అదే, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే వైరస్ లాంటిది. నొక్కగానే ముందు అది నడుస్తుంది, ఆ వెంటనే మీ ఫోల్డరూ తెరుచుకుంటుంది. ఇంక అనుమానం ఎందుకొస్తుంది? చెబితే ఆయన "మా ఇంట్లో బాగానే తెరుచుకుంటోందే" అన్నారు. తెరుచుకోదా మరి!

ఆరా తీస్తే అప్‌డేట్లు ఎప్పుడో ఆపేశారట. సిస్టమ్ స్లో అవుతుందని ఎవరో చెప్పారట. ఆ 'ఎవరో' నాకొక్కసారి దొరకాలి. 2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వార్మ్ దేశదేశాలూ చుట్టేసి, బ్రిటన్‌లో ఆస్పత్రుల్ని కూడా స్తంభింపజేసింది కదా, అది దూరిన కంతని పూడ్చే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. 2003లో బ్లాస్టర్ వార్మ్, 2008లో కాన్‌ఫికర్ వార్మ్, అప్పుడూ ఇంతే. మందు ముందే వచ్చింది, వేసుకున్నవాళ్ళు లేరు.

"నేను పిచ్చి పిచ్చి సైట్లేవీ చూడనే" అంటారు పైగా. మీరేం చూస్తారో దానికెందుకండీ? వన్నాక్రైకి మీ క్లిక్కే అక్కర్లేదు, 445 పోర్టు (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే దారి) తెరిచి ఉండి ప్యాచ్ లేకపోతే చాలు. అలా బయటినుంచి దూరేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ విండోస్‌తో పాటే ఊరికే వస్తుంది. దాన్నీ ఆపేశారు, పిల్లాడి గేమ్ కనెక్ట్ అవ్వట్లేదని! యాంటీవైరస్‌లు మాత్రం రెండున్నాయి. రెంటికీ గడువు అయిపోయింది. ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ ఉన్న ర్యామ్ అంతా తినేస్తున్నాయి. స్లో అయ్యేది వాటివల్ల సార్, అప్‌డేట్‌వల్ల కాదు!

అయినా నా మంట వార్మ్ మీద కాదు. పూటంతా కూర్చుని దాచిన ఫైళ్ళు బయటికి తీసి, స్కాన్ చేసి, ఫొటోలు వేరే డిస్క్‌లోకి ఎక్కించి ఇస్తానా, వారం తిరక్కుండా ఫోనొస్తుంది: "నువ్వు ముట్టుకున్నప్పట్నుంచే ప్రింటర్ పనిచేయట్లేదు." అదే బయట ఎవడికో డబ్బులిచ్చి ఫార్మాట్ కొట్టించుకుని, పెళ్ళి ఫొటోలతో సహా అన్నీ పోగొట్టుకుని వచ్చినప్పుడు ఏమన్నారో తెలుసా? "కుర్రాడు భలే చేశాడు, కొత్తదానిలా పరిగెడుతోంది!"