రైఫిల్ ఇంటికి వచ్చిన దారి

1963 మార్చిలో షికాగోలోని ఒక క్రీడాసామగ్రి దుకాణానికి తపాలాలో ఒక కూపనూ, 21 డాలర్ల 45 సెంట్ల మనియార్డరూ అందాయి. పంపినవాడి పేరు ఎ. హిడెల్ అని ఉంది. ఇటలీ సైన్యం వదిలించుకున్న కార్కానో రైఫిల్ ఒకటి, పైన బిగించిన టెలిస్కోపుతో సహా, డల్లాస్‌లోని ఒక పోస్టు బాక్సుకు బయల్దేరింది. అడిగినవాడు ఎవడో, అది అతని అసలు పేరో కాదో, తుపాకీ పట్టుకోవడం తెలుసో లేదో కనుక్కోవలసిన పని అమ్మినవారికి లేదు. ఆ నవంబరులో అధ్యక్షుడు కెనెడీని బలిగొన్నది ఆ రైఫిలే అనీ, హిడెల్ అన్నది లీ హార్వీ ఆస్వాల్డ్ వాడిన మారుపేరనీ ఆ హత్యను విచారించిన వారెన్ కమిషన్ తేల్చింది. మరో ఐదేళ్లకు, మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యలు కూడా జరిగాక, 1968 చట్టం తపాలా ద్వారా సామాన్యులకు తుపాకులు పంపడాన్నీ, విదేశీ సైన్యాల మిగులు ఆయుధాల దిగుమతినీ నిషేధించింది.

ఇంత జరిగిన దేశంలోనే ఈ రోజుకీ సైన్యం వాడి పక్కన పెట్టిన ఒక సెమీ ఆటోమేటిక్ (ఒక్కో నొక్కుకు ఒక్కో తూటా పేల్చే) రైఫిల్ నేరుగా పౌరుడి ఇంటి గుమ్మానికి పార్సిల్‌లో వస్తుంది, అదీ పూర్తిగా చట్టబద్ధంగా. దాని పేరు ఎం1 గారండ్. అమ్మేది సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, క్లుప్తంగా సీఎంపీ. 1903లో యుద్ధశాఖ కింద మొదలైన పౌర గురిశిక్షణ కార్యక్రమాన్ని 1996లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి లాభాపేక్ష లేని ఈ సంస్థకు అప్పగించింది. తుపాకుల మీద అమెరికన్లు చేసే అంతులేని వాదనలో ఇరుపక్షాలూ ఈ సంస్థను సరిగా చదవలేదన్నది నా అభిప్రాయం. ఒకరు దాన్ని దేశభక్తి దుకాణంగా చూస్తారు, మరొకరు చట్టంలోని కంతగా చూస్తారు. నా దృష్టిలో మాత్రం ఆ దేశంలో ఆయుధాల అమ్మకం మొత్తానికీ ఆదర్శం కాగలిగిన పద్ధతి ఇదొక్కటే.

ముందు ఆ రైఫిల్ గురించి నాలుగు మాటలు. కెనడాలో పుట్టిన జాన్ గారండ్ మసాచుసెట్స్‌లోని ప్రభుత్వ కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో ఉద్యోగిగా ఉండి దీన్ని రూపొందించాడు. 1936లో సైన్యం స్వీకరించింది. పేలిన తూటా వెనకనుంచి వచ్చే వాయువులో కొంత గొట్టం చివరన ఉన్న చిన్న రంధ్రంలోంచి దారి మళ్లి ఒక కడ్డీని వెనక్కి నెడుతుంది, ఆ కడ్డీ బోల్టును (తూటా గదిని మూసి ఉంచే ఉక్కు భాగాన్ని) తిప్పి తెరిచి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, తదుపరి తూటాను లోపల పెడుతుంది. మనిషి చేయవలసినది ట్రిగ్గర్‌ను మళ్లీ నొక్కడమే. ఎనిమిది తూటాలను ఒక ఉక్కు క్లిప్పుతో సహా పైనుంచి దించాలి. ఎనిమిదోది పేలగానే ఖాళీ క్లిప్పు ‘టింగ్’మంటూ ఎగిరి పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ, కొరియాలోనూ సైనికుల చేతుల్లో ఉన్నది ఇదే. కొరియా యుద్ధ కాలంలో ట్రాక్టర్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ కూడా దీన్ని తయారు చేసింది. పేటెంటు హక్కులను గారండ్ ప్రభుత్వానికే ఇచ్చేశాడు. అతనికి లక్ష డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌లో పెట్టిన బిల్లు నెగ్గనే లేదు. ప్రజల డబ్బుతో తయారై, మిత్రదేశాలకు సాయంగా వెళ్లి, గ్రీసు, డెన్మార్క్, ఫిలిప్పీన్స్, టర్కీ వంటి చోట్లనుంచి తిరిగి వచ్చిన ఆ రైఫిళ్లనే సీఎంపీ గొట్టం అరుగుదలను బట్టి తరగతులుగా విడదీసి అమ్ముతోంది.

ఒహాయోలో స్థిరపడిన మిత్రుడొకరు, కృష్ణా జిల్లా మనిషి, పౌరసత్వం వచ్చిన మూడేళ్లకు ఇది కొన్నాడు. హెచ్‌1బీ మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, అక్కడ తుపాకీ ఉంచుకోవడమే నేరం. సీఎంపీకైతే గ్రీన్ కార్డు కూడా చాలదు, పౌరుడై తీరాలి. అతను పౌరసత్వ రుజువు పంపాడు, గుర్తింపు పొందిన షూటింగ్ క్లబ్బులో సభ్యుడయ్యాడు, గురిపోటీలోనో భద్రతా తరగతిలోనో పాల్గొన్నట్టు రుజువు కావాలంటే రెండు శనివారాలు కాల్పుల సాధన చేసే రేంజిలో గడిపాడు, నేరచరిత్ర తనిఖీ కూడా అయింది. పెట్టె వచ్చిన రోజున మూత తీస్తే గ్యారేజీ అంతా పాత గ్రీజు వాసన కొట్టిందట. కర్రపిడి సందుల్లో గడ్డకట్టిన ఆ జిడ్డును పాతగుడ్డలతో తుడవడానికే ఒక ఆదివారం పట్టింది. నేను వెళ్లినప్పుడు నాకు ముందుగా చూపించింది రైఫిల్‌ను కాదు, నల్లబడిన బొటనవేలి గోరును. క్లిప్పును లోపలికి నొక్కేటప్పుడు అరచేతి అంచుతో కడ్డీని ఆపకపోతే బోల్టు దూసుకొచ్చి వేలిని పట్టేస్తుంది. క్లబ్బులో పెద్దాయన మూడుసార్లు చెప్పాడనీ, నాలుగోసారి రైఫిలే చెప్పిందనీ మిత్రుడు నవ్వాడు. ఇప్పుడది ఇనుప బీరువాలో ఉంటుంది, తూటాలు వేరే గదిలో ఉంటాయి. ఆ అలవాటు అతనికి చట్టంతో వచ్చింది కాదు, క్లబ్బువాళ్ల దగ్గర నేర్చుకున్నది.

అతను చేసిన పనులన్నిటినీ ఒక మామూలు తుపాకుల దుకాణంతో పోల్చి చూడండి. 2022 మేలో టెక్సస్‌లోని ఉవాల్డే బడిలో పంతొమ్మిది మంది పిల్లలనూ ఇద్దరు ఉపాధ్యాయులనూ చంపినవాడు పద్దెనిమిదేళ్లు నిండిన కొద్ది రోజులకే ఏఆర్ తరహా (సైనిక ఎం16ను పోలిన సెమీ ఆటోమేటిక్) రైఫిళ్లు రెండు కొన్నాడు. కొనుగోలు చట్టప్రకారమే జరిగింది, తనిఖీలోనూ పట్టుబడలేదు. ఎక్కడ నేర్చుకున్నావు, ఎవరి దగ్గర, నిన్ను ఎరిగినవారు ఎవరు అని అడిగినవారు లేరు, ఎందుకంటే ఫెడరల్ చట్టం ఆ ప్రశ్న వేయమనడం లేదు. ఏ సైన్యమూ వాడి వదిలేసినవి కావు ఆ రైఫిళ్లు, దుకాణం అరమీద నుంచి దించిన కొత్త సరుకు. మరి ఒబామా ప్రభుత్వం ఏం చేసింది? దక్షిణ కొరియా అమ్మజూపిన ఎనభై వేలకు పైగా గారండ్‌లను 2010లో రానివ్వలేదు. సైనిక ఆయుధాలు ప్రైవేటు వ్యక్తుల కోసం తిరిగి దేశంలోకి రాకూడదని 2013లో ఒక విధానమే ప్రకటించింది. ఎనిమిది తూటాల చెక్క రైఫిల్‌కు సరిహద్దులో తాళం వేసి, ముప్ఫై తూటాల మ్యాగజైన్ తగిలించే రైఫిల్‌ను వీధి దుకాణంలో వదిలేసింది. ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని వేటు పడింది తప్పుడు చోట. ‘మిలటరీ’ అనే మాట వినగానే ఉలిక్కిపడేవారు వస్తువు పుట్టుకను చూస్తున్నారు, కొనేవాడి చేతిని చూడటం లేదు.

యుద్ధంలో మనుషుల్ని చంపడానికి చేసిన ఆయుధం ఇంట్లో ఉండటమే తప్పు, దాని తూటా గోడల్ని దాటి పోతుంది, క్లబ్బు కార్డు కోపాన్నీ నిరాశనూ ఆపలేదు అనేవారున్నారు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే కాబట్టి ఆ మాటలో బరువుంది. అయితే ఆ వాదన గారండ్‌కు ఎంత వర్తిస్తుందో ప్రతి తుపాకీకీ అంతే వర్తిస్తుంది. ఏ తుపాకీ అయినా అమ్మకానికి ఉన్నంతకాలం, రెండు శనివారాలు నలుగురి మధ్య నిలబడి నేర్చుకుని కొన్నవాడి ఇల్లు, అరగంటలో కొని కారెక్కినవాడి ఇంటికన్నా ఎక్కువ ప్రమాదకరమని ఎవరూ చెప్పలేరు.

తుపాకీ హక్కుల వర్గంతో నాకున్న పేచీ ఇంకా పెద్దది. శిక్షణ రుజువు చూపమనడమే ఆయుధాలు ఉంచుకునే హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణకు ద్రోహం అని గొంతు చించుకునేవారు సీఎంపీ దరఖాస్తుకు అదే రుజువును జతచేసి, రైఫిల్ వచ్చాక ఫొటో పెట్టి మురిసిపోతారు. ఈ కార్యక్రమం ప్రభుత్వం చేతిలో ఉన్న రోజుల్లో గారండ్ కావాలంటే తుపాకీ హక్కుల కోసం పోరాడే సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం ఉండాలనే నిబంధన ఉండేది, 1979లో ఫెడరల్ కోర్టు కొట్టేసేదాకా. అంటే షరతు పెట్టడం అన్నదాని మీద వారికి అభ్యంతరం ఎప్పుడూ లేదు. షరతు తమ చేతిలో ఉండాలంతే. అన్నట్టు, ఆ హిడెల్ కత్తిరించిన కూపన్ అచ్చయింది కూడా ఆ సంఘం పత్రికలోనే. సీఎంపీలోనూ నాకు నచ్చనిది ఒకటుంది: అరవై దాటినవారికి గురిశిక్షణ రుజువు అక్కర్లేదట. కళ్లజోడు మందం పెరిగే వయసులో ఆ మినహాయింపు ఎందుకో అర్థం కాదు.

స్విట్జర్లాండ్‌లో సైనిక సేవ ముగించినవాడు తన రైఫిల్‌ను, ఆటోమేటిక్ పేల్పు తీసేశాక, ఇంటికి తీసుకుపోవచ్చు. కాని దానికి అనుమతిపత్రం తీసుకోవాలి, గత మూడేళ్లలో షూటింగ్ కార్యక్రమాల్లో పాల్గొని ఉండాలి. సూత్రం అదే.

మన దగ్గర సంగతి వేరు. ఈషాపూర్ ఆయుధ కర్మాగారంలో తయారై సైన్యం పక్కన పెట్టిన సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు, అంటే ఎస్‌ఎల్‌ఆర్‌లు పోలీసు బలగాలకు చేరాయే తప్ప, అలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ సామాన్యుడికి ఎన్నడూ దొరకదు. 1959 ఆయుధ చట్టం, దాని నియమాల కింద అది నిషిద్ధ కోవలోనిది, అలాగే ఉండాలి కూడా. 2019 సవరణ లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులను మూడునుంచి రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్లనుంచి ఐదేళ్లకు పెంచింది. లెక్క తగ్గించాం, గడువు పెంచాం, చేతి సత్తా మాత్రం ఆ సవరణ అడగలేదు. 2016 నియమావళి శిక్షణ మాట ఎత్తినా, లైసెన్సు అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది సిఫారసు ఉత్తరమూ, పెళ్లి ఊరేగింపులో నడుముకు వేలాడే హోదానే. తెలుగువాళ్లకు ఇది కొత్త జబ్బేమీ కాదు. బండి మీద ఎయిట్ వేయకుండానే ఏజెంటు చేత డ్రైవింగ్ లైసెన్సు తెప్పించుకున్నవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పరీక్షను ఒక తంతుగా, కాగితాన్ని ఒక హక్కుగా చూసే ఈ అలవాటు స్కూటర్ మీద ఎంత ప్రమాదమో తుపాకీ మీద అంతకు పదింతలు.

ఎన్నికల కోడ్ రాగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సు తుపాకులను ఠాణాల్లో అప్పగించమంటారు. గుడ్డలో చుట్టిన పన్నెండు బోరు తుపాకీ బల్ల మీదికి వస్తుంది, నంబరు చూస్తారు, లైసెన్సు పుస్తకం చూస్తారు, రసీదు రాస్తారు. ఆ రసీదులో ఒక్క గడి అదనంగా గీయమని నా ప్రతిపాదన: దీన్ని చివరిసారిగా ఏ రేంజిలో, ఎవరి పర్యవేక్షణలో, ఏ తేదీన కాల్చారు? గడి ఖాళీగా ఉన్నవారికి ఎన్నికలు అయ్యాక తుపాకీ తిరిగి ఇచ్చే ముందు ఒక శనివారం రేంజికి రమ్మనాలి.